రేడియో సిలోన్ ఎట్ల పుట్టింది, మనకు అది నేర్పేది ఏమిటి
(ఫెడరేషన్ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మేము పెద్దగా చదువుకున్నవాళ్లం కాము. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి మగ్గం గుంతలో కూర్చున్నాము. తర్వాత సొసైటీలో గుమస్తాగా చేరి, ఇప్పుడు సెక్రటరీ పని చూస్తున్నాము. మాకు తెలిసిన లెక్కలు నూలు లెక్క, కూలి లెక్క. మరి ఇవాళ మమ్మల్ని మాట్లాడమనడానికి కారణం ఏమంటే, మన ఫెడరేషన్ పిల్లలు ఒక ఆలోచన చేశారు. మనకంటూ ఫోన్లో వినే ఒక రేడియో పెట్టుకుందాం అన్నారు. కార్యవర్గంలో కొందరు ఔనన్నారు, కొందరు ఎందుకీ ఖర్చు అన్నారు. అప్పుడు ఎవరో, “సెక్రటరీ గారు చిన్నప్పటి నుంచి రేడియో పిచ్చోడు, ఆయన్ని అడుగుదాం” అన్నారట. ఆ పిచ్చి నిజమే. అందుకే రేడియో సిలోన్ కథ చెప్పి, ఆ తర్వాత మా మాట మేము చెప్తాము.

మా చిన్నతనంలో ఇంటి ముందు భాగమే కార్ఖానా. నాలుగు మగ్గాలు. మా నాయిన ఒకటి, చిన్నాయిన ఒకటి, కూలికి వచ్చే ఇద్దరివి రెండు. అమ్మ, మేనత్త మూలకు కూర్చుని కండెలు చుట్టేవారు. దూలానికి కొట్టిన మేకుకు తోలు సంచిలో ఒక ట్రాన్సిస్టరు వేలాడేది. దానికి అప్పట్లో పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది, పుస్తకంలో బిళ్ళ అంటించేవారు. ఆ రోజుల్లో మా కార్ఖానాలో గడియారం లేదు. పొద్దున పాత సినిమా పాటల కార్యక్రమం చివరన సైగల్ పాట వచ్చిందంటే ఎనిమిది కావస్తున్నట్టు. చాయ్ గ్లాసులు అప్పుడు వచ్చేవి. బుధవారం రాత్రి ఎనిమిదికి బినాకా గీత్‌మాలా. ఆ ఒక్క గంట మగ్గాలు ఆపేవారు. నాడె చప్పుడుకు పాట వినపడదు గదా. కూలి మనిషికి గంట పని పోతే గంట కూలి పోయినట్టే. అయినా ఆపేవారు. అంటే దాని విలువ ఎంతో మీరే ఆలోచించండి.

ఇప్పుడు ఆ స్టేషను పుట్టుక సంగతి. సిలోన్ అంటే ఇప్పటి శ్రీలంక. 1923లో కొలంబో టెలిగ్రాఫ్ ఆఫీసులో ఎడ్వర్డ్ హార్పర్ అనే ఇంజినీరు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన జర్మన్ జలాంతర్గామి నుంచి తీసిన వైర్‌లెస్ సామాను దగ్గర పెట్టుకుని, ఆఫీసులోనే ఒక గదిలో, ఆయన, ఆయన కింది ఇంజినీర్లు కలిసి ఒక యంత్రం తయారు చేశారు. గ్రామఫోను పాటలు పెట్టి గాలిలోకి వదిలారు. ఇంగ్లండులో బీబీసీ మొదలైంది 1922లో, అంటే మరుసటి ఏడాదే ఈ చిన్న దీవి రేడియో పలికిందన్న మాట. 1925 డిసెంబరు నుంచి కొలంబో రేడియో పనిచేయడం మొదలుపెట్టింది. పాత సామానుతో కొత్త మగ్గం కట్టినట్టు కట్టారు. మనకు ఇది కొత్త కాదు, మన తాతలు అట్లనే కట్టారు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మౌంట్‌బాటెన్ దొర కింద ఉన్న సైన్యానికి వార్తలు, పాటలు వినిపించడానికి ఇంగ్లీషువాళ్లు సిలోన్‌లో ఒక పెద్ద స్టేషను పెట్టారు. దాని పేరు రేడియో సియాక్. కొలంబోకు దగ్గర ఏకల అనే ఊళ్లో 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు. ఆసియా అంతటా చెదిరి ఉన్న సిపాయిలకు వినపడాలని అంత పెద్దది పెట్టారు. యుద్ధం అయిపోయింది, సిపాయిలు ఇళ్లకు పోయారు, యంత్రం మిగిలింది. 1949లో దాన్ని సిలోన్ ప్రభుత్వానికి అప్పజెప్పారు. అప్పటి నుంచి రేడియో సిలోన్ అన్న పేరు.

షార్ట్‌వేవ్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాము, పిల్లలకు తెలియాలి. మీడియం వేవ్ పగటి పూట నేలను పట్టుకుని పోతుంది, కొంత దూరం పోయి నీరసపడుతుంది. షార్ట్‌వేవ్ పైకి పోయి, ఆకాశంలో చాలా ఎత్తున ఉండే ఒక పొరకు తగిలి, మళ్లీ దూరాన నేల మీద దిగుతుంది. బంతి గోడకు తగిలి వచ్చినట్టు. అందుకే కొలంబో నుంచి వెయ్యి కిలోమీటర్లు దాటి ఉన్న మా షోలాపూర్‌లో అది పలికింది. గొంతు దగ్గరికొచ్చి, దూరం పోయి, మళ్లీ దగ్గరికి రావడం కూడా అందుకే. మేము దాన్ని “అల మీద పడవ వచ్చినట్టు” అనుకునేవాళ్లం.

యంత్రం ఉంది, కానీ దాన్ని నడపడానికి డబ్బు కావాలి. కరెంటుకు డబ్బు, మనుషులకు డబ్బు, రికార్డులకు డబ్బు. అప్పుడు 1950లో వాళ్లు వ్యాపార ప్రసారాలు, అంటే కమర్షియల్ సర్వీస్ మొదలుపెట్టారు. ఆస్ట్రేలియా నుంచి క్లిఫర్డ్ డాడ్ అనే ఆయన వచ్చి దాన్ని నిలబెట్టాడు. ఆయన అనుభవమంతా ఆ వ్యాపారంలోనే. కంపెనీలకు సమయం అమ్మాలి, ఆ డబ్బుతో స్టేషను నడవాలి, వినేవాడికి మాత్రం ఉచితంగా దొరకాలి. మనం బట్టను మీటర్ల లెక్కన అమ్ముతాము, వాళ్లు గాలిని నిమిషాల లెక్కన అమ్మారు.

ఇంతకు ముందు మన దేశంలో ఇట్లాంటి ప్రయత్నం జరగలేదా అంటే, జరిగింది. 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అని ఒక ప్రైవేటు కంపెనీ జూలైలో బొంబాయిలో, ఆగస్టులో కలకత్తాలో స్టేషన్లు తెరిచింది. వాళ్లు ముఖ్యంగా నమ్ముకున్నది వినేవాళ్లు కట్టే లైసెన్సు డబ్బు, ఏడాదికి 10 రూపాయలు. రేడియో సెట్టు కొనగలిగినవాళ్లే వేలల్లో ఉంటే లైసెన్సులు ఎన్ని వస్తాయి? 1930 మార్చిలో కంపెనీ మూతపడింది, స్టేషన్లు ప్రభుత్వం చేతికి పోయాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాము.

సిలోన్‌వాళ్లకు కలిసొచ్చింది ఏమిటంటే, మన ఆకాశవాణి చేసిన ఒక పని. 1952లో బి.వి. కేస్కర్ గారు సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. పెద్ద సంగీత పండితుడు. జనానికి శాస్త్రీయ సంగీతం అలవాటు కావాలి, సినిమా పాటలతో రుచి పాడవుతుంది అని ఆయన నమ్మకం. సినిమా పాటలు ఆకాశవాణిలో తగ్గిపోయాయి. సినిమా పేరు చెప్తే అది ప్రకటన అవుతుందని పేరు కూడా చెప్పవద్దన్నారు. నిర్మాతలకు కోపం వచ్చింది. చివరికి పాటలే ఆగిపోయే దాకా పోయింది. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, మేము తప్పు పట్టము. కానీ జనం చెవి ఎటు పోవాలో అటే పోయింది. ముల్లు తిప్పి కొలంబో పట్టుకున్నారు.

అదే 1952 డిసెంబరులో గీత్‌మాలా మొదలైంది. బొంబాయిలో అమీన్ సయానీ గారు రికార్డు చేసేవారు. ఆ టేపును విమానంలో కొలంబోకు పంపేవారు. అక్కడి నుంచి అది గాలిలో తిరిగి బొంబాయికే వచ్చేది! డబ్బు పెట్టింది పళ్లపొడి పేస్టు కంపెనీ. మొదట్లో ఏడు పాటలు వేసి, వాటిని సరైన వరుసలో పెట్టిన శ్రోతలకు 100 రూపాయల బహుమతి అన్నారు. ఓ యాభై ఉత్తరాలు వస్తే గొప్ప అనుకున్నారట. మొదటి వారమే 9,000 ఉత్తరాలు వచ్చాయి. ఏడాది ఏడాదిన్నర తిరిగేసరికి వారానికి అరవై వేలు దాటాయి. అన్ని చూడలేక పోటీ మాని, ఏ పాట ఎంత నడుస్తుందో లెక్క తీసి వరుస చెప్పడం మొదలుపెట్టారు. కంపెనీలకు ఈ ఉత్తరాల మూటలే సాక్ష్యం. ఇంతమంది వింటున్నారు, నీ పేస్టు పేరు ఇంతమంది చెవిన పడింది అని చూపించడానికి అంతకంటే ఏం కావాలి?

ఆ ఉత్తరాలతో ఒక ఊరికి పేరొచ్చింది. ఝుమ్రీ తలయ్యా. అప్పుడు బీహారు, ఇప్పుడు ఝార్ఖండ్. అభ్రకం గనుల దగ్గరి చిన్న ఊరు. అక్కడివాళ్లు కార్డుల మీద కార్డులు రాసి రాసి, దేశమంతా ఆ పేరు వినేలా చేశారు. అది నిజంగా ఉందా, ఉత్తుత్తి పేరా అని మా కార్ఖానాలో పందేలు కూడా జరిగాయి. గనిలో పనిచేసేవాళ్ల ఊరు పేరు అట్ల గాలిలో తిరిగింది. మనలాంటి పనివాళ్ల ఊళ్ల పేరు ఎవరు తలుస్తారు చెప్పండి?

ఇక ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి.

కొలంబో నుంచి హిందీ, తమిళం, ఇంగ్లీషే కాదు, తెలుగు పాటలు కూడా వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు మీలో అరవై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పక్క దేశం నుంచి తెలుగు మాట. మాకు వీధిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో తెలుగు. బయట ఎవరైనా తెలుగులో మాట్లాడితే తిరిగి చూసే అలవాటు మాది. అట్లాంటిది సముద్రం అవతలి నుంచి తెలుగు వస్తే ఎట్లుంటుంది? మా మేనత్త కండె ఆపి దండం పెట్టేది.

మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు అమ్మ పిలిచి, “బిడ్డా, ఆ రేడియోకు ఒక జాబు రాయి, మనందరి పేర్లు రాయి” అన్నది. నాయిన నవ్విండు. “మన పేర్లతోటి వాళ్లకేం పని?” అన్నడు. అయినా డబ్బులిచ్చిండు. బయటి దేశం గనుక మామూలు కార్డు సరిపోదు, ఎక్కువ స్టాంపులు అంటించాలి. ఆ డబ్బుతో ఇంటికి రెండు రోజుల కూరగాయలు వచ్చేవి. మేము నాయిన పేరు, చిన్నాయిన పేరు, కూలి మనుషుల పేర్లు రాసి చదివి వినిపించాము. అమ్మ ఒక్క నిమిషం ఊరుకుని, “మా ఇద్దరివి రాయలేదా?” అన్నది. మాకు తట్టనే లేదు. మగ్గం నేసేవాళ్ల పేర్లు రాశాము. కండెలు చుట్టేవాళ్లు మాకు లెక్కలోకి రాలేదు. కార్డు మీద చోటు అయిపోయింది. అంచున, అడ్డంగా, చిన్న అక్షరాలతో అమ్మ పేరు, మేనత్త పేరు ఇరికించాము.

రెండు నెలలు ఏమీ లేదు. ఒకరోజు పాటకు ముందు పేర్ల వరుసలో “మహారాష్ట్ర, షోలాపూర్ నుంచి” అని వచ్చింది. నాయిన పేరు వచ్చింది. చిన్నాయినది వచ్చింది. అల వచ్చి గొంతు దూరం పోయింది, మధ్యలో రెండు పేర్లు మింగేసింది. మళ్లీ గొంతు దగ్గరికి వచ్చేసరికి చివరి పేరు అమ్మది. చాలా స్పష్టంగా వినపడింది. నాయిన ఇంట్లో లేడు, సావుకారు దగ్గర చద్దర్లు ఇవ్వడానికి పోయిండు. అమ్మ మాత్రం విన్నది. ఏమీ అనలేదు. లేచి పోయి మొఖం కడుక్కుని వచ్చి, మళ్లీ రాట్నం ముందు కూర్చున్నది. ఆ రాత్రి నాయినతో, “పెండ్లయినంక నా పేరు పెట్టి పిలిచినోళ్లు ఎవరు లేరు, గా పరాయి దేశపామె పిలిచింది” అన్నదట. నాయిన మాకు చాలా ఏండ్లకు చెప్పిండు.

మేము సొసైటీలో చేరిన తర్వాత రిజిస్టరు తిరగేసి చూశాము. సభ్యుల పుస్తకంలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. నలభై ఏండ్లు కండెలు చుట్టిన అమ్మ పేరు కొలంబో గాలిలో ఉంది గాని మా సొసైటీ పుస్తకంలో లేదు. దాన్ని సరిచేయడానికి మాకు ఇంకా పదేండ్లు పట్టింది. మొదటి ఆడ సభ్యురాలి సంతకం పడేనాటికి అమ్మ లేదు. ఇది మా తప్పు. సెక్రటరీగా ఒప్పుకుంటున్నాము.

మరొక తప్పు కూడా చెప్పి ముగిస్తాము. సిలోన్‌ను చూసి ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టింది. పది సంవత్సరాలు ఆగి, 1967 నవంబరు 1న దానిలో ప్రకటనలు తెచ్చారు. అది కూడా ముందు మన మహారాష్ట్రలోనే, బొంబాయి, పూనా, నాగపూరులో. తర్వాత మిగతా చోట్లకు పోయింది. మిల్లు చీరలు, పాలిస్టర్ బట్టలు పాట రూపంలో ఇంటింటికీ వచ్చాయి. 1980ల మొదట్లో ఒక ప్రకటనల ఏజెంటు మా సొసైటీకి వచ్చాడు. పది సెకన్ల ప్రకటన, ఇంత రేటు అన్నాడు. జనరల్ బాడీలో పెట్టాము. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు, “పెట్టి చూద్దాం, పండుగ నెల ఒక్కటైనా పెడదాం” అన్నారు. లేచి వద్దన్నది మేమే. ఇరవై నాలుగేండ్ల వయసు, నోరు పెద్దది. “మన బట్టే మనకు ప్రకటన. పది సెకన్ల గాలికి డబ్బు పోస్తే, ఆ డబ్బుతో ఎంత నూలు వస్తదో తెల్సా?” అన్నాము. అందరూ చప్పట్లు కొట్టారు. తీర్మానం పడిపోయింది.

ఒక్క ప్రకటన పెట్టి ఉంటే మా మగ్గాలు నిలిచేవి అని మేము అనము. సాంచాలు వచ్చాయి, నూలు ధర పెరిగింది, కారణాలు చాలా ఉన్నాయి. కానీ తర్వాత ఎగ్జిబిషన్లలో కూర్చున్నప్పుడు చూశాము. వచ్చినవాళ్లు మిల్లు బట్టను పేరు పెట్టి అడిగేవారు. మా బట్టను “అదేదో చేతిది” అని అడిగేవారు. పేరు లేని సరుకుకు ధర కట్టేది కొనేవాడు, అమ్మేవాడు కాదు. అప్పుడు మా వీధి పొడుగునా మగ్గాలు. ఇవాళ మా సొసైటీ కింద నడిచేవి ఏడు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామంది కొడుకులు ఇవాళ వేరే పనుల్లో ఉన్నారు. మా కొడుకు కూడా.

అందుకని ఈ పిల్లలు రేడియో పెడతామంటే మేము రెండోసారి వద్దనము. పెట్టండి అంటున్నాము. అయితే ఆ కథ నుంచి నాలుగు మాటలు పట్టుకోండి.

మొదటిది, పెద్దది కట్టాలని చూడకండి. హార్పర్ పాత సామానుతో ఒక గదిలో మొదలుపెట్టాడు. మీ చేతిలో ఉన్న ఫోను చాలు. వారానికి అరగంట చాలు. కానీ అదే రోజు, అదే గంట, తప్పకూడదు. బుధవారం ఎనిమిది అంటే బుధవారం ఎనిమిదే. మేము మగ్గాలు ఆపింది ఆ నమ్మకం మీదనే.

రెండోది, చందాల మీద మాత్రమే నడుపుదాం అనుకోకండి. 1927 కంపెనీ సంగతి చెప్పాము గదా. మన సొసైటీలు, మన బట్టల దుకాణాలు, మన రంగుల వ్యాపారులు నెలకు కొంత ఇచ్చి తమ సరుకు పేరు చెప్పించుకోవాలి. ఇది దానం కాదు, వ్యాపారం. మా సొసైటీ మొదటి ఆరు నెలలకు ఒప్పుకుంది. ఈసారి తీర్మానం పెట్టింది మేమే, లేచి వద్దన్నవాడు ఎవరూ లేరు.

మూడోది, ఎవరి తెలుగు వారిది. సేలం తెలుగులో తమిళం ఉంటుంది, బరంపురం తెలుగులో ఒడియా ఉంటుంది, మాదాంట్ల మరాఠీ ఉంటుంది. యానాం వాళ్లది గోదావరి తెలుగు, వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు, నవ్వనీయండి. సరిదిద్ది చదివించకండి. మా ఇంట్లో ఎట్ల మాట్లాడతారో అట్లనే రావాలి.

నాలుగోది, పేర్లు చదవండి. ప్రతి వారం ఉత్తరాలు రావాలి, ఫోన్లో గొంతు పంపినా సరే. ఆ పేర్లు చదవండి. ముందు ఆడవాళ్ల పేర్లు చదవండి. కండెలు చుట్టినవాళ్లు, ఆసు పోసినవాళ్లు, గంజి పెట్టినవాళ్లు. కార్డు అంచున ఇరికించకండి, మొదటి వరుసలో పెట్టండి.

ఎందుకింత చెప్తున్నామంటే, ఈసారి మన సావనీరు కాగితం మీద కాకుండా ఫోన్లలో వస్తున్నది. సంతోషం. కానీ ఒక మాట నిజం చెప్పుకుందాం. దీన్ని మన పిల్లల్లో ఎంతమంది చదవగలరు? తమిళనాడులో మన పిల్లలు తమిళం చదువుతారు, మా దగ్గర మరాఠీ, ఇంగ్లీషు చదువుతారు. మా మనవరాలు తెలుగులో మాతో పోట్లాడుతుంది, తెలుగు అక్షరం చూపిస్తే “ఇదేంది తాతా, జిలేబీలు?” అంటుంది. ఆ పిల్లకు కన్ను ద్వారా తెలుగు పోదు. చెవి ద్వారా పోతుంది. చెవి ఇంకా తెరిచే ఉంది. అది మూసుకోక ముందే మనం మొదలుపెట్టాలి.

అమీన్ సయానీ గారు 2024 ఫిబ్రవరిలో కాలం చేశారు. ఆ రోజు మేము మగ్గం గుంత దగ్గర కూర్చుని, దూలానికి ఉన్న పాత మేకు చూశాము. మేకు ఇంకా ఉంది. దానికి వేలాడదీయడానికి మీరు ఏం తెస్తారో చూడాలని ఉంది.

ఈ ప్రసంగం సావనీరులో అచ్చవుతుందన్నారు. చదవగలిగినవాళ్లు మీలోపల చదువుకుని ఊరుకోకండి. ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, గొంతెత్తి చదివి వినిపించండి. మన రేడియో ఆ రోజే మొదలైనట్టు.